సీమపనస చిప్స్: నీళ్ళు పోతేనే కరకర

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి నుంచి కంచిలి, సోంపేట దాకా, కొబ్బరి తోటల మధ్య పనస చెట్టు లేని చోటు అరుదు. శివరాత్రి వెళ్ళిన దగ్గర్నుంచీ లేత కాయలు లారీలెక్కి ఒడిశా, బెంగాల్ వైపు కూరకాయగా వెళ్ళిపోతుంటాయి. ఊళ్ళో మిగిలినవాటిలో కొన్ని పనసపొట్టు కూరకు పోతాయి, కొన్ని పెళ్ళిభోజనాలకు పోతాయి, ఆ తర్వాతవి ముగ్గి తొనలవుతాయి. ఇంత పనస పండే నేలలో కూడా చిప్స్ అనగానే మన చెయ్యి బంగాళాదుంప మీదికో, కేరళ అరటికాయ చిప్స్ ప్యాకెట్ మీదికో పోతుంది. ఇది నాకు బాధగానే ఉంటుంది. ఎందుకంటే పనసకు దగ్గరి చుట్టమైన సీమపనస చిప్స్ కోసమే పుట్టిందా అన్నట్టుంటుంది. కోస్తా పెరళ్ళలో ఈ చెట్టు అక్కడొకటి ఇక్కడొకటి కనబడుతుంది. కాయ దొరికితే మనం కూరో బజ్జీయో చేసుకుని ఊరుకుంటాం. మంగళూరు వైపు, గోవాలో, కేరళలో ఇదే కాయను సన్నగా తరిగి కరకరలాడేలా వేయించుకుంటారు.

ఇంట్లో చేసి చూసినవాళ్ళు చాలామంది చెప్పేది ఒకటే: పైన మాడిపోయింది, లోపల మెత్తగానే ఉంది. లేదంటే, పొద్దున్న బాగానే ఉన్నాయి, సాయంత్రానికి సాగిపోయాయి. ఈ రెండింటికీ మూలం ఒక్కచోటే ఉంది. చిప్స్ చేయడమంటే కాయలో ఉన్న నీటిని బయటికి పంపడం, పంపాక మళ్ళీ లోపలికి రానివ్వకపోవడం. కాయ ఎంచుకునే దగ్గర్నుంచి డబ్బా మూత బిగించేదాకా చేసే ప్రతి పనీ అందుకోసమే.

ముందు కాయ సంగతి. పనస, సీమపనస, మర్రి, రావి, మేడి, మల్బరీ అన్నీ ఒకే కుటుంబం. పనస మన పడమటి కనుమల చెట్టు. సీమపనస మూలాలు న్యూగినీ వైపున ఉన్నాయి. అక్కణ్ణుంచి పడవల మీద పసిఫిక్ దీవులెన్నిటికో దీన్ని మోసుకెళ్ళినవాళ్ళు పాలినీషియా జనం, వాళ్ళ పూర్వీకులు. ఆ ప్రయాణంలో గింజలేని రకాలనే ఎంచుకుంటూ పోయారు. వాటిలో చాలావాటికి క్రోమోజోములు రెండు వరసలకు బదులు మూడు వరసలుంటాయి, అందువల్ల గింజ కట్టదు. మరి చెట్టు ఎలా పెరుగుతుందంటే, వేరుకు గాటు పడినచోట పిలక లేస్తుంది. దాన్ని తీసి నాటుకోవాలి. 1787లో బ్రిటన్ నుంచి కెప్టెన్ విలియం బ్లై ‘బౌంటీ’ ఓడలో తాహితీకి బయల్దేరింది ఈ మొక్కల కోసమే. కరీబియన్ చెరకు తోటల్లో బానిసలకు చవగ్గా తిండి పెట్టాలన్నది తోటల యజమానుల లెక్క. 1789 ఏప్రిల్‌లో నావికులు తిరగబడి బ్లైని చిన్న పడవలో సముద్రంలో వదిలేశారు, మొక్కల్ని నీళ్ళలోకి విసిరేశారు. ఆయన రెండోసారి ‘ప్రావిడెన్స్’ ఓడలో వెళ్ళి 1793లో సెయింట్ విన్సెంట్‌కు, జమైకాకు మొక్కలు చేర్చాడు. ఎవరికోసం తెచ్చారో ఆ జనం మాత్రం చాలాకాలం దాన్ని నోట పెట్టలేదు. తమను అడక్కుండా తమ మీద రుద్దిన తిండి అది. తరాలు గడిచాకే అది వాళ్ళ వంటలో కలిసింది.

సీమపనస కాయంటే ఒక్క కాయ కాదు. వందలకు వందల చిన్న పువ్వులు ఒక కాడ చుట్టూ అతుక్కుపోయి, కండ పట్టి ఒక్కటైపోయిన గుత్తి అది. తొక్క మీద ఆరు పలకల గళ్ళు కనిపిస్తాయి కదా, ఒక్కో గడి ఒక్కో పువ్వు. చిప్స్‌కు కాయ ముదిరిందో లేదో చెప్పేవి ఆ గళ్ళే. లేతకాయలో గళ్ళు మొనలు తేలి, చేతికి గరుగ్గా తగులుతాయి. రంగు చిక్కటి పచ్చ. ముదిరేకొద్దీ గళ్ళు చదునవుతాయి, పచ్చదనంలోకి పసుపు ఛాయ దిగుతుంది, తొక్క మీద అక్కడక్కడా పాలు చుక్కలుగా కారి ఎండి గోధుమరంగు మరకలవుతాయి. కోయాల్సిన అదను అదే. అప్పటికి కండ నిండా పిండి చేరి ఉంటుంది, తీపి ఇంకా రాదు. కోశాక రెండు మూడు రోజులు పక్కన పెట్టామంటే కాయ ముగ్గిపోతుంది, ఎంజైములు పిండిని చక్కెరగా మార్చేస్తాయి. ఆ కాయ తినడానికి కమ్మగానే ఉంటుంది కానీ మూకుట్లో వేస్తే మాడుతుంది.

ఎందుకు మాడుతుందో చూద్దాం. చక్కెరలూ ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి గోధుమరంగునీ కమ్మటి వాసననీ పుట్టిస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ 1912లో దీన్ని వివరించాడు, అందుకే మయార్ చర్య అంటారు. రొట్టె పైపొర ఎర్రబడటం, కాఫీ గింజ నల్లబడటం ఇదే. 140 డిగ్రీలు దాటాక ఇది జోరందుకుంటుంది. ముక్కలో నీళ్ళున్నంతసేపూ లోపలి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే వచ్చిన వేడంతా నీళ్ళను ఆవిరి చెయ్యడానికే సరిపోతుంది. పైపొర మాత్రం ముందే ఆరి వేడెక్కుతుంది. చక్కెర తక్కువున్న ముక్కయితే, లోపలి నీళ్ళు పోయేదాకా పైపొర బంగారు రంగులోనే ఉంటుంది. చక్కెర ఎక్కువున్న ముక్క లోపల ఆరకముందే పైన నల్లబడిపోతుంది. ‘పైన మాడింది, లోపల మెత్తగా ఉంది’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు మంట మీద నేరం మోపుతాం. ముగ్గటం మొదలైన కాయను కోశామన్నదే అసలు కారణం.

ఇక పాలు. కాడ కోయగానే తెల్లటి పాలు ధారగా కారతాయి. కాయను తలకిందులుగా పెట్టి ఓ అరగంట వదిలేస్తే చాలావరకు కారిపోతాయి. ఆ పాలల్లో రబ్బరు జాతి పదార్థమూ జిగురూ సన్నటి బొట్లుగా తేలుతుంటాయి. గాలి తగిలి ఆరితే బంక. నీళ్ళతో ఎంత తోమినా ఆ బంక కదలదు, నూనెలో మాత్రం కరుగుతుంది. పనసకాయ కోసేముందు కత్తిపీటకూ అరచేతులకూ నూనె రాసుకోవడం మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేని రసాయనశాస్త్రం. సీమపనసకూ అదే చెయ్యండి.

తొక్క చెక్కి, నాలుగు చెక్కలు చేసి, మధ్య కాడను తీసేయాలి. కాడ పీచు, వేగితే గట్టిగా పళ్ళకు అడ్డం పడుతుంది. మిగిలిన కండను ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందాన తరగాలి. మందం కన్నా ముఖ్యమైంది ముక్కలన్నీ ఒకే మందాన ఉండటం. ఒకే వాయిలో పలచనిదీ దళసరిదీ పడితే, ఒకటి మాడేసరికి రెండోది పచ్చిగా ఉంటుంది. అరటికాయకు వాడే చిప్స్ పీట ఉంటే అదే మేలు.

కోసిన ముక్క గాలి తగిలితే నల్లబడుతుంది. ఇది మయార్ చర్య కాదు, దీనికి వేడి అక్కర్లేదు. కత్తి పడి కణాలు తెగినచోట ఒక ఎంజైము ఆక్సిజన్ సాయంతో ఫినాల్ పదార్థాలను గోధుమరంగుకు మారుస్తుంది. వంకాయకు చేసినట్టే ఉప్పు నీళ్ళలో వేస్తే గాలి అందక ఆగుతుంది. ఆ నీళ్ళలో ఇంకో పని కూడా జరుగుతుంది. ముక్క పైనున్న విడి పిండి, కాస్త చక్కెర కడుక్కుపోతాయి. అడుగున తెల్లగా దిగేది ఆ పిండే. అది ఉండిపోతే నూనెలో ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి. పది నిమిషాలు చాలు. ఆ తర్వాత తీసి పాత నూలు పంచె మీద పరిచి, పైతడి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. తొందరపడి తడి ముక్కలు నూనెలో వేస్తే చేతులు కాలతాయి, నూనె కూడా చల్లబడుతుంది.

ఆ చల్లబడటం చిన్న విషయం కాదు. సీమపనస కండలో వంద గ్రాములకు సుమారు 70 గ్రాములు నీళ్ళే. ఒక కిలో ముక్కల నుంచి 700 గ్రాముల నీళ్ళను ఆవిరి చేసి పంపాలన్నమాట. కిలో నీళ్ళను 30 డిగ్రీల నుంచి 100కు వేడిచెయ్యడానికి సుమారు 293 కిలోజౌళ్ళు కావాలి. మరిగే ఆ నీళ్ళనే ఆవిరిగా మార్చడానికి 2,257 కిలోజౌళ్ళు కావాలి, అంటే ఏడు రెట్లకు పైన. ఈ వేడినంతా ఇవ్వాల్సింది మూకుట్లోని నూనే. ఒకేసారి మూడు గుప్పెళ్ళు వేసేస్తే నూనె వేడి వేపుడుకు కావాల్సిన 175 డిగ్రీల నుంచి ధబేలున పడిపోతుంది. అంత తక్కువ వేడిలో ముక్క వేగదు, నూనెలో ఉడుకుతుంది. మూకుడు వెడల్పులో సగానికి మించకుండా వేయండి, వాయికీ వాయికీ మధ్య నూనెను మళ్ళీ కాగనివ్వండి. ఇంట్లో థర్మామీటరు లేకపోయినా ఒక ముక్క వేసి చూస్తే తెలుస్తుంది. మునిగిన మరుక్షణం బుడగలతో పైకి తేలాలి. అడుగునే కూర్చుంటే ఇంకా కాగలేదు, పొగ లేస్తే మరీ కాగిపోయింది.

ఇప్పుడు మూకుడు దగ్గర నిలబడి ఒక్క ముక్కనే చూడండి. పడగానే దాని రెండు ముఖాల నుంచీ పెద్దపెద్ద బుడగలు పొంగుతాయి. అవి నూనె బుడగలు కావు, ముక్కలోంచి వస్తున్న నీటి ఆవిరి. ఆవిరి అంత గట్టిగా బయటికి తోసుకొస్తున్నంతసేపూ నూనె లోపలికి పోలేదు. ఇదే సమయంలో లోపలి పిండి రేణువులు 70 డిగ్రీలు దాటగానే చుట్టూ ఉన్న నీళ్ళు పీల్చి ఉబ్బి, పగిలి, ఒకదానికొకటి అతుక్కుని పొరలా గట్టిపడతాయి. ఆవిరి వెళ్ళిన దారులన్నీ ఆ పొరలో సన్నటి రంధ్రాలుగా మిగిలిపోతాయి. రెండు నిమిషాలకు బుడగలు చిన్నవవుతాయి, చప్పుడు తగ్గుతుంది. మొదట వాన కురిసినట్టున్న మోత క్రమంగా చిటపటకు దిగి, ఆ తర్వాత దాదాపు ఆగిపోతుంది. అప్పుడు జల్లిగరిటెతో కదిపితే ముక్కలు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. నీళ్ళు పోయాయనడానికి అదే గుర్తు. మంచి చిప్‌లో మిగిలే తేమ రెండు మూడు శాతమే. రంగు చూసి దించేవాళ్ళు సగంసార్లు తప్పుతారు, చెవితో వినేవాళ్ళు తప్పరు. మొదట పెద్ద మంట పెట్టి, బుడగలు తగ్గుతున్నప్పుడు మంట తగ్గించి చివరి తేమను నిదానంగా లాగితే రంగు మారకుండానే ముక్క ఆరుతుంది.

బంగారు రంగు దాటనివ్వకూడదనడానికి ఇంకో గట్టి కారణం ఉంది. పిండిపదార్థాలను 120 డిగ్రీలు మించి వేయించినా కాల్చినా వాటిలోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో కలిసి అక్రిలమైడ్ తయారవుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. జంతువుల మీద ప్రయోగాల్లో అది క్యాన్సర్ కారకమని తేలింది. రంగు ముదిరేకొద్దీ అదీ పెరుగుతుంది. ముదురు గోధుమరంగులోకి దిగిన ముక్కలను నిర్మొహమాటంగా ఏరి పారేయండి.

దించాక వచ్చే అర నిమిషాన్ని చాలామంది పట్టించుకోరు. నూనె ఎక్కువ పీల్చుకునేది వేగుతున్నప్పుడు కాదు, బయటికి తీశాక. ముక్క రంధ్రాల్లో అప్పటిదాకా ఉన్న ఆవిరి చల్లారి నీటిబొట్టవుతుంది. అలా మారేటప్పుడు అది పట్టే చోటు 1,600 రెట్లకు పైగా కుదించుకుపోతుంది. లోపల ఏర్పడిన ఆ ఖాళీ, ముక్క పైన అంటుకుని ఉన్న నూనెను లోపలికి లాగేస్తుంది. అందుకే జల్లిగరిటెను మూకుడు పైనే, ఆ వేడిలోనే పట్టుకుని రెండు మూడుసార్లు గట్టిగా విదిలించి, వెంటనే కాగితం మీద పలచగా పరచాలి. గుట్టగా పోశారా, కిందివాటి ఆవిరి పైవాటికి తగిలి అన్నీ మెత్తబడతాయి.

ఏ నూనె అన్న ప్రశ్నకు మా వైపు జవాబు సాధారణంగా వేరుశనగ నూనె. అది బాగా వేడిని తట్టుకుంటుంది, రుచి బాగుంటుంది. కేరళవాళ్ళు కొబ్బరినూనె వాడతారు, దాని వెనకా లెక్క ఉంది. కొబ్బరినూనెలో సుమారు 90 శాతం సంతృప్త కొవ్వులు. అవి గాలిలోని ఆక్సిజన్‌తో తేలిగ్గా కలవవు కాబట్టి చిప్స్ నిలవుండి కూడా ముక్కవాసన పట్టవు. అయితే గానుగలో ఆడించిన నూనె 175 డిగ్రీల దగ్గరే పొగ విడుస్తుంది, మంట మీద కన్నుండాలి. గుండెజబ్బు ఉన్న ఇంట్లో సంతృప్త కొవ్వు సంగతీ మరిచిపోకూడదు. నావరకు వేరుశనగ నూనే.

ఉప్పుకు కేరళ పద్ధతి చూడటానికి భయం వేస్తుంది. చిక్కటి ఉప్పు నీళ్ళలో పసుపు కలిపి, ముక్కలు దాదాపు వేగాక ఒక చెంచాడు కాగే నూనెలోనే చల్లుతారు. నీళ్ళు భగ్గుమని ఆవిరైపోతాయి, ఉప్పు సన్నటి పొరగా ముక్కలన్నిటికీ సమంగా పడుతుంది. అలవాటు లేనివాళ్ళు దీని జోలికి పోవద్దు, నూనె పైకి ఎగసి ఒళ్ళు కాలుతుంది. వేడిమీద సన్నటి ఉప్పూ కారమూ చల్లి కలిపినా పైనున్న కాస్త నూనె తడికి అంటుకుంటుంది. అదీ అప్పటికప్పుడు తినేవాటికే. ఎందుకో చెప్పాలంటే మన జిల్లాలోని నౌపడ ఉప్పు మళ్ళనే తలుచుకోవాలి. గాలిలో తేమ 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పు కూడా గాలిలోని నీళ్ళను లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. రాళ్ళ ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి, అవి అంతకన్నా ముందే చెమర్చుతాయి. వానాకాలంలో మన తీరాన తేమ 75 దాటని రోజులే తక్కువ. ఉప్పు చల్లిన చిప్ ఆ గాలిలో ఉంటే తన పక్కన నీటిబిందువును తనే పెట్టుకున్నట్టు. నిలవ చేసేవాటికి ఉప్పు కలపకండి, తినేముందు చల్లుకోండి.

చిప్ మెత్తబడటమంటే లోపల జరిగేదేమిటో కూడా తెలుసుకోదగ్గదే. వేగి ఆరిన పిండి గాజు స్థితిలో ఉంటుంది. అణువుల గొలుసులు చిక్కుపడి ఎక్కడివక్కడ బిగుసుకుపోయి ఉంటాయి. కొరికితే వంగడానికి వీల్లేక ఒక్కసారిగా పగులుతుంది, ఆ పగులు చప్పుడే కరకర. కొద్దిపాటి నీళ్ళు గొలుసుల మధ్యకు చేరితే అవి జారడం మొదలుపెడతాయి, పగలాల్సింది సాగుతుంది. రుచి ఏమీ మారకపోయినా మనకు నచ్చదు. ఆక్స్‌ఫర్డ్‌లో చార్లెస్ స్పెన్స్, మాసిమిలియానో జంపీని చేసిన ప్రయోగంలో చిప్ కొరికే చప్పుడును హెడ్‌ఫోన్లలో మార్చి వినిపించారు. చప్పుడు పెంచితే, ముఖ్యంగా సన్నటి స్వరాలను పెంచితే, అవే చిప్స్ మరింత తాజాగా, కరకరగా ఉన్నాయని తిన్నవాళ్ళు చెప్పారు. 2004లో అచ్చయిన పరిశోధన అది. మన నోటికి తోడు చెవి కూడా తింటోందన్నమాట.

నిలవకు గాజు సీసా లేదా బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా, పూర్తిగా చల్లారాక మాత్రమే. వేడిగా మూతపెడితే లోపలి ఆవిరే చిప్స్‌ను పాడుచేస్తుంది. మెత్తబడినవి పారేయనక్కర్లేదు. మందపాటి మూకుట్లో నూనె లేకుండా సన్నసెగ మీద కాసేపు కదుపుతూ వేడిచేసి, పలచగా పరిచి చల్లారనిస్తే చేరిన తేమ పోయి మళ్ళీ బిగుస్తాయి.

ఉద్దానంలో ఈ తిండి గురించి రాస్తూ కిడ్నీ జబ్బు ఊసెత్తకుండా ఉండలేను. ఎన్నో ఏళ్ళుగా ఊళ్ళకు ఊళ్ళు దీంతో బాధపడుతున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి మొదలయ్యాయి. పనసలోనూ సీమపనసలోనూ పొటాషియం ఎక్కువ. సీమపనస కండలో వంద గ్రాములకు సుమారు 490 మిల్లీగ్రాములు. వేయిస్తే నీళ్ళు పోతాయి, పొటాషియం పోదు. కిలో కండకు అరకిలో లోపే చిప్స్ వస్తాయి కాబట్టి అదే వంద గ్రాముల చిప్స్‌లో రెట్టింపుకు పైనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అది మేలే, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకు రక్తంలో పొటాషియం పేరుకుని గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పైగా ఉప్పు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ చిప్స్ వాళ్ళ కంచంలో వద్దు. వాళ్ళకు పెట్టాలనుంటే డాక్టరును అడిగి, ముక్కల్ని ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, కూరగా కొద్దిగా పెట్టవచ్చు. ఉడికిన నీళ్ళలోకి పొటాషియం కొంత దిగిపోతుంది.

సీమపనస దొరకనివాళ్ళు పనసతోనే చేసుకోవచ్చు. బాగా ముదిరి ఇంకా ముగ్గని కాయ తీసుకుని, తొనలు విడదీసి, గింజా పొరా తీసేసి నిలువుగా సన్నగా కోయాలి. మిగతాదంతా ఒకటే. తొనలో సహజంగానే తీపి కొంచెం ఎక్కువ కాబట్టి మంట మరికాస్త తగ్గించుకోవాలి. ముగ్గిన తొనల చిప్స్ కావాలంటే మాత్రం ఇంటి మూకుడు పనికిరాదు. ఫ్యాక్టరీల్లో గాలి తోడేసిన పాత్రలో వేయిస్తారు. పీడనం తగ్గితే నీళ్ళు చాలా తక్కువ వేడికే ఆవిరవుతాయి కాబట్టి నూనె వంద డిగ్రీల చుట్టుపక్కలే ఉన్నా ముక్క ఆరుతుంది, చక్కెర మాడదు. లారీల్లో పచ్చికాయగా పోయే ఉద్దానం పనసలో కొంతైనా ఇలాంటి యంత్రాల్లో పడి ఇక్కడే ప్యాకెట్టయితే ఇక్కడి చేతులకు పని దొరుకుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లను నేలకూల్చాక ఖాళీ అయిన తోటల్లో ఒక మూల సీమపనసకూ చోటివ్వవచ్చు. పసిఫిక్ దీవుల్లో ఇది కొబ్బరి పక్కనే పెరుగుతుంది. లేత మొక్కకు ఆ నీడ మంచిదే. పెద్దగాలికి కొమ్మలు విరుగుతాయి కానీ మొదలు బతికుంటే మళ్ళీ చిగురిస్తుంది. నీళ్ళు నిలవని నేల చూసి, వానలు పడ్డాక వేరుపిలక నాటి, మొదటి రెండు వేసవులూ నీళ్ళు పోస్తే ఐదారేళ్ళకు కాపుకొస్తుంది.